సెల్లార్ రాయి కొట్టే చోట చెవులనూ చేతులనూ కాపాడటం ఎలా

హైదరాబాద్‌లో సెల్లార్ తవ్వితే చాలా చోట్ల కొద్ది అడుగులకే షీట్ రాక్, అంటే పలకలా పరుచుకున్న గట్టి రాయి తగులుతుంది. అక్కణ్ణుంచి వారాల తరబడి ట్రాక్టర్ కంప్రెసర్ మోత, చేత్తో పట్టుకుని రాయి పగలగొట్టే బ్రేకర్ మిషన్ల దరువు. ఆ గుంతలో దిగినవాళ్లకు శబ్దం చెవికి, అదురు చేతికి తగులుతూనే ఉంటాయి. ఈ రెండు దెబ్బలూ పెద్దగా నొప్పి లేకుండా మొదలవుతాయి. ముదిరాక నయం కావు. "మొదట్లో గోలగా ఉండేది సార్, ఇప్పుడు అలవాటైపోయింది" అని బ్రేకర్ మనిషి అన్నాడంటే ఆ అలవాటు పేరు చాలాసార్లు వినికిడి తగ్గడమే. ఆ మాట విన్న వారంలోనే అతన్ని చెవి పరీక్షకు పంపండి.

ఇది సైట్ సూపర్‌వైజర్ కోసం, మేస్త్రీ కోసం, చిన్న కాంట్రాక్టర్ కోసం రాసినది. ఇదే వరుసలో చేసుకురండి. చాలా సైట్లలో పని చివరి మెట్టు నుంచి, అంటే ఇయర్ ప్లగ్గులు పంచడం నుంచి మొదలవుతుంది. ప్లగ్గు చేతికి ఏమీ చేయదు. చెవికి కూడా ఏపాటి మేలు చేస్తుందో కింద లెక్కలో చూడండి.

1. ముందు కొలవండి

శబ్దం కొలిచే మీటర్ లేకపోయినా మొదటి పరీక్ష చేయొచ్చు. పని నడుస్తుండగా ఇద్దరు మనుషులు రెండు మీటర్ల ఎడంలో నిలబడి మాట్లాడుకోవాలి. అరిస్తే తప్ప వినపడకపోతే అక్కడ శబ్దం ఇంచుమించు 85 డెసిబెల్స్. ఒక్క మీటర్ దూరంలోనే అరవాల్సి వస్తే 90 దాటినట్టు. బ్రేకర్ పక్కన అరిచినా వినపడదు. అక్కడ మామూలుగా 100 నుంచి 110 మధ్య ఉంటుంది.

సరిగ్గా తెలియాలంటే క్లాస్ 2 సౌండ్ లెవెల్ మీటర్ అద్దెకు తెచ్చుకోండి. అందులో 'ఎ' వెయిటింగ్ (మన చెవి వినే తీరులో కొలిచేది), స్లో రెస్పాన్స్ అనే అమరికలు పెట్టి, పనివాడి చెవికి జానెడు లోపు దూరంలో పట్టుకుని చూడండి. బ్రేకర్ మనిషి దగ్గర ఒకసారి, కంప్రెసర్ పక్కన ఒకసారి, తట్టలెత్తే ఆడవాళ్ల దగ్గర తప్పకుండా ఒకసారి. బ్రేకర్ పట్టుకున్నవాడు మధ్యమధ్యలో పక్కకు వస్తాడు. రాళ్లు ఏరి తట్టకెత్తేవాళ్లు పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆ మోతలోనే ఉంటారు. ప్లగ్గులు పంచేటప్పుడు లెక్కలోకి రానిది కూడా వాళ్లే.

వచ్చిన అంకెను దేనితో పోల్చాలి? 1998 నాటి భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనల్లో 34వ నిబంధన శబ్దం, అదురు రెంటి నుంచీ రక్షణ కల్పించమంటుంది. దాని వెంట ఉన్న పట్టిక ప్రకారం రోజుకు 90 డెసిబెల్స్‌లో 8 గంటలు, 95లో 4, 100లో 2, 105లో ఒక్క గంట, 115లో పావుగంట. చట్టం గీసిన గీత ఇది. చెవికి నిజంగా మేలు చేసే లెక్క ఇంకా గట్టిది: 85లో 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగం. అంటే 88లో 4 గంటలు, 94లో ఒక గంట, 100లో పావుగంట. 105 దగ్గర ఐదు నిమిషాలు కూడా లేవు. మీ సైట్‌ను రెండో లెక్కతో నడపండి.

చేతికి వచ్చే అదురు కొలవడానికి ప్రత్యేక పరికరం కావాలి. దాని కోసం ఆగొద్దు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో వైబ్రేషన్ విలువ మీటర్ పర్ సెకండ్ స్క్వేర్‌లో ఉంటుంది. పక్కనే 'కె' అని ఇంకో చిన్న అంకె (కొలతలో ఉండగల తేడా) ఉంటే దాన్ని కూడా కలపండి. అది ల్యాబ్‌లో కొత్త మిషన్‌తో వచ్చిన విలువ కాబట్టి, అరిగిన మిషన్ దానికంటే ఎక్కువే అదురుతుంది. పుస్తకం లేని పాత బ్రేకర్ అయితే 15 అనుకుని లెక్క వేయండి.

2. అదురుకు పాయింట్ల లెక్క కట్టండి

యూరప్ దేశాల్లో వాడే పద్ధతి ఇది. కాగితం, పెన్ను ఉంటే చాలు. వైబ్రేషన్ విలువను దానితోనే గుణించి, రెట్టింపు చేయండి. వచ్చింది గంటకు పాయింట్లు. విలువ 10 అయితే 10 ఇంటూ 10 వంద, రెట్టింపు 200. మనిషికి రోజుకు 100 దాటితే మీరు తగ్గించే ప్రయత్నం మొదలుపెట్టాలి. 400 దాటనే కూడదు.

దీని ప్రకారం విలువ 5 ఉన్న మిషన్‌తో రెండు గంటలకు వంద నిండుతుంది. 10 ఉన్నదానితో అరగంటకే వంద, రెండు గంటలకు 400. 15 ఉన్నదానితో 13 నిమిషాలకు వంద, 53 నిమిషాలకు రోజు కోటా మొత్తం అయిపోతుంది. పాత బ్రేకర్ రోజంతా ఒక్కడి చేతిలోనే ఉంటే అతని చేతులకు ఏమవుతుందో ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇక్కడ గంట అంటే ట్రిగ్గర్ నొక్కి మిషన్ ఆడిన గంట. పనివాణ్ణి అడిగితే "పొద్దుట నుంచీ కొడుతూనే ఉన్నా" అంటాడు. అందులో రాయి జరపడం, బ్రేకర్ మొన (దాన్నీ పాయింట్ అనే అంటారు) మార్చడం, నీళ్లు తాగడం కూడా కలిసి ఉంటాయి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పది నిమిషాలు పక్కన నిలబడండి. మిషన్ ఆడినప్పుడు నడపండి, ఆగినప్పుడు ఆపండి. పదిలో ఆరు నిమిషాలు ఆడితే, నాలుగు గంటల పనిలో ట్రిగ్గర్ సమయం 2 గంటల 24 నిమిషాలు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసి సగటు తీసుకోండి.

3. కొట్టే పనినే తగ్గించండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇక్కడే. బ్రేకర్ ఆడని గంటలో ప్లగ్గూ అక్కర్లేదు, పాయింట్ల లెక్కా అక్కర్లేదు.

పెద్ద షీట్ రాక్‌కి ఎక్స్‌కవేటర్ బ్రేకర్ పెట్టగలిగితే చేతి బ్రేకర్‌ను మూలలకూ అంచులకూ మాత్రమే ఉంచండి. ఇళ్ల మధ్య అది కుదరనప్పుడు సున్నంతో చేసిన వ్యాకోచ పౌడర్ ఉంది. రాయిలో 38 నుంచి 40 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, పౌడర్ నీళ్లలో కలిపి పోస్తే అది ఉబ్బి రాయిని చీలుస్తుంది. గట్టి రాయికి రంధ్రానికీ రంధ్రానికీ 30 నుంచి 45 సెంటీమీటర్లు ఉంచాలి. 5 కిలోల సంచికి లీటరున్నర నీళ్లు. కలిపిన ఐదు, పది నిమిషాల్లో పోసేయాలి. ఎండాకాలంలో జరిగే తప్పు ఒకటుంది. చలికాలం రకం పౌడర్‌ను మే నెలలో వాడితే లోపల వేడెక్కి రంధ్రంలోంచి తుపాకిలా ఎగజిమ్ముతుంది. సంచి మీద ఉన్న ఉష్ణోగ్రత చూసి కొనండి, కళ్లద్దాలు లేకుండా పోయనివ్వకండి, పోశాక ఎవరూ రంధ్రంలోకి తొంగి చూడకూడదు. ఒక రోజు వదిలేస్తే పగుళ్లు తేలతాయి. రంధ్రాలు వేసేటప్పుడు మోత ఉంటుంది, కాదనం. కానీ రోజుల పని గంటలకు దిగుతుంది.

స్లాబులు లేచాక వచ్చే చిప్పింగ్‌లో, అంటే కాంక్రీటు చెక్కే పనిలో, చాలా భాగం మన మతిమరుపు వల్ల వచ్చేదే. ప్లంబింగ్ పైపులకు, కరెంటు పైపులకు దారి వదిలే స్లీవులు కాంక్రీటు పోయకముందే పెట్టించండి. పోశాక ఒక్కో కన్నానికీ ఒక మనిషి చేతులు అదరాలి. కాలమ్ జాయింట్‌ను మర్నాడు చిప్పింగ్ మిషన్‌తో గరుకు చేసే బదులు, కాంక్రీటు కాస్త బిగిసీ బిగియనప్పుడే తీగ బ్రష్, నీళ్లతో కంకర తేలేలా కడిగేయండి. ప్లాస్టరింగ్ పట్టు కోసం కాలమ్‌లు, బీములు హ్యాకింగ్ చేసే (గంట్లు కొట్టే) చోట బాండింగ్ కెమికల్ పూసే అవకాశం ఉందేమో ఇంజనీర్‌ని అడగండి. గోడలో కరెంటు గాడికి సుత్తి, ఉలి కాకుండా డస్ట్ పైపు బిగించిన వాల్ చేజర్ (గాడి కోసే మిషన్) వాడితే గాడి కూడా నేరుగా వస్తుంది.

4. మోత పుట్టే చోటే దాన్ని అణచండి

ట్రాక్టర్ కంప్రెసర్‌ను గుంత అంచున పెట్టడం మనకు అలవాటు. ఇంకో 15 మీటర్ల గాలి పైపు కలిపి దూరంగా, మట్టి కుప్ప వెనక్కు జరపండి. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటర్ దూరంలో 105 ఉంటే 2 మీటర్లకు 99, 4కు 93, 8కి 87, 16కి 81. గుంతలోపల ఇంత తగ్గదు. నాలుగు పక్కలా రాతి గోడలు మోతను తిప్పికొడతాయి. అందుకే గుంతలో లెక్కను నమ్మకండి, మీటర్‌తో చూసుకోండి. పైపు పొడిగించినప్పుడు ప్రతి జాయింట్‌కి క్లిప్పు, దానికి అడ్డంగా సేఫ్టీ తీగ ఉండాలి. ఒత్తిడిలో ఊడిన పైపు పాములా కొడుతుంది.

ట్రాక్టర్ సైలెన్సర్ పగిలి ఉంటే ఆ రోజు పని మొదలుపెట్టనివ్వకండి. గాలి లీకుల ఈల శబ్దం కూడా చెవికి దెబ్బే. జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగలు వచ్చిన చోట లీకు దొరుకుతుంది. బ్రేకర్ గాలి వదిలే చోట మఫ్లర్ జాకెట్ ఉండాలి. బరువని పీకి పక్కన పడేస్తారు, తిరిగి తొడిగించండి. జనరేటర్ అద్దెకు తెచ్చేటప్పుడు శబ్దం ఆపే పెట్టెతో ఉన్నదే తీసుకోండి. వెయ్యి కేవీఏ వరకు జనరేటర్లకు మీటర్ దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదని నియమం. వేడెక్కుతోందని తలుపులు తెరిచి నడిపితే ఆ పెట్టెకు ఇచ్చిన డబ్బు దండగ.

మోతకు అడ్డుగా పచ్చ నెట్ కడతారు. అది దుమ్మును కొంత ఆపుతుంది, శబ్దాన్ని ఆపదు. గాలి దూరే దేనిగుండానైనా శబ్దం దూరుతుంది. పాత షట్టరింగ్ ప్లైవుడ్‌ను సందులు లేకుండా ఫ్రేముకు బిగించి, మిషన్ వైపు గ్లాస్‌వూల్ అంటించి, మిషన్‌కు వీలైనంత దగ్గరగా నిలబెట్టండి. అవతలివాడికి మిషన్ కనపడకుండా ఉంటే 5 డెసిబెల్స్ దాకా, బాగా కడితే 10 దాకా తగ్గుతుంది. కిందా పక్కలా సందులుంటే కట్టినా కట్టనట్టే.

5. బ్రేకర్ పట్టుకోవడం నేర్పండి

ఒకే బ్రేకర్, ఒకే రాయి. అయినా ఇద్దరి చేతులకు చేరే అదురు ఒకలా ఉండదు. తేడా పట్టులో ఉంది. పిడిని ఎంత గట్టిగా బిగిస్తే అంత అదురు చేతిలోకి ఎక్కుతుంది. మిషన్ బరువే రాయిని కొట్టాలి. మనిషి దాన్ని నిలబెట్టి దారి చూపిస్తే చాలు.

స్ప్రింగు పిడులున్న బ్రేకర్ అయితే పిడిని సగం వరకే నొక్కాలి. పని తొందరగా అవుతుందని ఒళ్లంతా బరువేసి అడుగంటా నొక్కితే స్ప్రింగు కుదించుకుపోయి, అదురు నేరుగా భుజం దాకా వస్తుంది. పిడి కింద ఉన్న జాగాను చూడండి. పని నడుస్తున్నప్పుడు అక్కడ వేలెడు సందు కనపడుతుంటే సరిగ్గా పట్టుకున్నట్టు. ట్రిగ్గర్ నొక్కి ఉంచి మిషన్‌ను పైకి లాగడం ఇంకో చెడ్డ అలవాటు. అదురు చాలా ఎక్కువగా తగిలే క్షణాల్లో అదొకటి. ముందు ట్రిగ్గర్ వదలాలి, తర్వాత ఎత్తాలి.

రాయి మధ్యలో కొట్టొద్దు. ఖాళీ ఉన్న అంచు నుంచి 15, 20 సెంటీమీటర్లు లోపలికి పెట్టి కొంచెం కొంచెంగా విరగ్గొడుతూ రండి. అరిగిన మొన రాయిలోకి దిగదు, ఎగిరి పడుతుంది. ఆ ఎగురుడంతా చేతికే. ఒక్కో బ్రేకర్‌కి పొద్దునే సానపట్టిన పాయింట్లు మూడు, నాలుగు పక్కన పెట్టండి, మొన గుండ్రబడగానే మార్చేయాలి. పాయింట్‌ను పట్టి ఉంచే బుష్ అరిగి అది లొడలొడలాడుతుంటే మిషన్‌ను రిపేరుకు పంపండి.

"యాంటీ వైబ్రేషన్ గ్లౌజులు" అని అమ్మేవాటిని నమ్ముకోకండి. బ్రేకర్ నిమిషానికి వెయ్యి పైచిలుకు దెబ్బలు కొడుతుంది. అంత నెమ్మదైన అదురును మెత్తటి గ్లౌజు ఆపలేదు, కొన్నిసార్లు పెంచుతుంది కూడా. గ్రైండర్ లాంటి వేగంగా తిరిగే మిషన్‌కి కొంత పనికొస్తుంది. గీతలు పడకుండా మామూలు తోలు గ్లౌజులు ఎలాగూ ఉండాలి.

కాంక్రీటు వైబ్రేటర్ దగ్గర కూడా ఒక మాట. కాంక్రీటులో ముంచే నీడిల్‌ను చేత్తో పట్టుకోనివ్వకండి, మీటరు పైన గొట్టాన్ని పట్టుకోవాలి. నీడిల్ గాలిలో ఆడితే బేరింగ్ వేడెక్కి పాడవుతుంది, మోత పెరుగుతుంది. కడ్డీలకు తగిలినా అంతే. ఒక్కో చోట 5 నుంచి 15 సెకన్లు చాలు.

6. మనుషులను మార్చండి

నాలుగు గంటల ట్రిగ్గర్ సమయం ఉన్న పని, మిషన్ విలువ 10 అనుకుందాం. ఒక్కడే చేస్తే 800 పాయింట్లు, హద్దుకు రెట్టింపు. ఇద్దరు చేస్తే తలా 400, సరిగ్గా అంచు మీద. నలుగురైతే తలా గంట, 200 పాయింట్లు. కాబట్టి ఒక బ్రేకర్‌కి నలుగురిని తయారుచేయండి. పావుగంట ఆడాక చేతులు మారాలి. ఫోన్‌లో అలారం పెట్టి, మార్చే బాధ్యత ఒక్కరికి పేరు పెట్టి అప్పగించండి. "నేనింకా కొడతాలే" అనే కుర్రాణ్ణి పని మీద ఇష్టం ఉందని వదిలేయొద్దు.

బ్రేకర్ దిగినవాడికి గ్రైండర్ ఇస్తే అది మార్పు కాదు, ఆ పాయింట్లు కూడా అతని ఖాతాలోనే పడతాయి. రాయి ఏరడం, నీళ్లు చల్లడం, సైగలు చేయడం లాంటివి ఇవ్వండి. విశ్రాంతి బ్రేకర్ పక్క నీడలో కాదు, మీటర్‌లో 80 దాటని చోట.

కూలి గుత్తకు మాట్లాడుకున్న చోట ఇదంతా తలకిందులవుతుంది. క్యూబిక్ అడుగుకు ఇంత అన్నప్పుడు ఎవరూ మిషన్ వదలరు. బ్రేకర్ పనికి రోజు కూలి ఇవ్వడమే సరైన దారి.

7. అప్పుడు ప్లగ్గులు

ప్లగ్గు ఎంత శబ్దం తగ్గిస్తుందో చెప్పే అంకె ఎన్ఆర్ఆర్. ప్యాకెట్ మీద ఎన్ఆర్ఆర్ 29 అని ఉంటే 29 డెసిబెల్స్ తగ్గుతుందనుకోకండి. అందులోంచి 7 తీసి, మిగిలింది సగం చేయండి: 11. సైట్‌లో నమ్మదగ్గది అంతే. 105లో పెట్టుకుంటే చెవికి 94 చేరుతుంది, ఆ మోతలో గంటే ఉండాలి. ప్లగ్గు మీద ఇయర్ మఫ్ (చెవి మొత్తాన్ని మూసే కప్పు) కూడా పెడితే ఇంకో 5 తగ్గి 89, అంటే మూడు గంటలు. బ్రేకర్ మనిషికి రెండూ ఇవ్వండి, తట్టలెత్తేవాళ్లకు కనీసం ప్లగ్గు. ఎస్ఎన్ఆర్ అనే అంకె ఉన్న ప్యాకెట్‌ను దీనితో పోల్చకండి, అది వేరే లెక్క, మామూలుగా కాస్త ఎక్కువ చూపిస్తుంది. మన ప్రమాణం ఐఎస్ 9167 ముద్ర ఉందో లేదో చూడండి.

ఫోమ్ ప్లగ్గు పెట్టుకునే తీరు ఒక్కొక్కరికీ చేసి చూపించాలి. చేతులు కడుక్కోవాలి. ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా, ముడతల్లేకుండా ఒత్తిలా నలపాలి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగితే దారి తిన్నగా అవుతుంది. వెంటనే లోపలికి తోసి, ఉబ్బేదాకా 20, 30 సెకన్లు వేలితో నొక్కి ఉంచాలి. సరిగ్గా కూర్చుంటే తన గొంతు తనకే కుండలోంచి వచ్చినట్టు వినపడుతుంది. అనుమానం ఉంటే రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూయమనండి. మూస్తే మోత బాగా తగ్గిందంటే ప్లగ్గు లోపలికి పోలేదు, తీసి మళ్లీ పెట్టాలి.

మఫ్ అంచుకూ తలకూ మధ్య తువ్వాలు, కొప్పు, పెద్ద కమ్మలు, కళ్లద్దాల కాడ ఏది అడ్డొచ్చినా సందు పడుతుంది. ఎండకు తట్టుకోలేక హెల్మెట్ కింద రుమాలు కట్టుకునేవాళ్లకు ప్లగ్గే మేలు. చెవిలో చీము కారేవాడికి ప్లగ్గు వద్దు, మఫ్ ఇచ్చి డాక్టర్ దగ్గరికి పంపండి. దూది పెట్టుకున్నా తలకు తువ్వాలు చుట్టినా రక్షణ ఉండదు. ఫోన్ ఇయర్‌ఫోన్స్‌తో పాటలు వింటే మోత మీద ఇంకో మోత.

ఎనిమిది గంటల్లో అరగంట తీసేసినా చాలు, 30 డెసిబెల్స్ ఆపాల్సిన ప్లగ్గు ఆ రోజు మొత్తానికి 12 ఆపినట్టే లెక్క. అందుకే మేస్త్రీ మాట్లాడాలంటే పనివాణ్ణి దూరంగా పిలవాలి, చెవిలోంచి తీయమనకూడదు. ప్లగ్గు పెట్టుకున్నవాడికి వెనక్కి వచ్చే లారీ హారన్ వినపడకపోవచ్చు. బండి కదిలే ప్రతిసారీ ఎర్ర జెండాతో ఒక మనిషి నిలబడాలి, బ్రేకర్ ఆపడానికి చేతి సైగ ముందే అనుకోవాలి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఒకే గుంతలో ఉంటారు కాబట్టి సైగే అందరికీ అర్థమయ్యే భాష.

ఎక్స్‌కవేటర్ ఆపరేటర్‌ది వేరే బాధ, అదురు సీటులోంచి నడుముకు ఎక్కుతుంది. సీటు స్ప్రింగును అతని బరువుకు తగ్గట్టు సర్దండి, బండి తిరిగే దారి గుంతలు పూడ్పించండి, క్యాబిన్ తలుపు మూసి పనిచేయించండి.

8. మనుషులను గమనించండి

పనిలో చేరేముందు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండాలి, కాబట్టి సెలవు మర్నాడు పొద్దున్నే మంచిది. దెబ్బ సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని శబ్దాల దగ్గర, పరీక్ష గీతలో గుంటలా మొదలవుతుంది. మాటలో స, ష, చ, త లాంటి శబ్దాలు ముందు పోతాయి. మనిషికి గొంతు వినపడుతుంది, మాట తెలియదు. "అందరూ గొణుగుతున్నారు" అంటాడు, ఫోన్ స్పీకర్‌లో పెడతాడు, పిల్లల మాటలకు రెండోసారి అడుగుతాడు. రాత్రి చెవిలో గుయ్యిమనే శబ్దం ఉందా అని కూడా అడగండి.

చేతుల విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. చలి దేశాల పుస్తకాల్లో వేళ్లు తెల్లబడటం గురించి ఎక్కువగా రాసి ఉంటుంది. మన వేడిలో అది అరుదు. ఇక్కడ ముందు కనపడేవి తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, పట్టు సడలడం. తెల్లబడలేదు కదా అని ఊరుకుంటే ఆలస్యమైపోతుంది. నెలకోసారి ఈ నాలుగూ అడగండి: రాత్రి తిమ్మిరెక్కి లేచి చేతులు విదిలించుకుంటున్నావా? చొక్కా గుండీ పెట్టుకోగలుగుతున్నావా? జేబులో చేయి పెట్టి రూపాయి బిళ్లనూ ఐదు రూపాయల బిళ్లనూ చూడకుండా చెప్పగలవా? టీ గ్లాసు జారిపోతోందా? ఒక్కదానికి తేడాగా జవాబొచ్చినా బ్రేకర్ నుంచి తప్పించి డాక్టర్‌కు చూపించండి. షుగర్ వల్ల కూడా తిమ్మిరి వస్తుంది, తేల్చాల్సింది డాక్టరే. బీడీ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి అదురు పని చేసేవాడికి మరింత చేటు.

వేరే పనికి మార్చినప్పుడు కూలి తగ్గించకండి. తగ్గుతుందని తెలిస్తే రెండోవాడు నోరు విప్పడు. ప్రతి మనిషి పేరు మీద ఒక పేజీ పెట్టి తేదీ, మిషన్, ట్రిగ్గర్ నిమిషాలు, పాయింట్లు, పరీక్ష ఫలితం రాయండి. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం మన నష్టపరిహార చట్టంలో వృత్తి వ్యాధిగా గుర్తించినదే. రేపు ఆ మనిషి పరిహారం అడగాల్సి వస్తే ఈ పేజీయే ఆధారం. సైట్ మారేటప్పుడు దాని నకలు అతని చేతికి ఇచ్చి పంపండి.